కర్ట్ దించిన జెండా

దేదీప్య మెడలో ఎన్ని పతకాలు పడ్డా కడుపులో కసి మాత్రం చల్లారలేదు.

మంచుకొండ మీంచి జారి గాల్లోకి ఎగిరే స్కీ జంపింగ్‌లో అమెరికా ఛాంపియన్ అయింది. టీవీలో కనిపించింది. అయినా మిన్నెసోటాలో ఆమె మొదట ఆడిన పాత క్లబ్బు తన వార్షిక పోటీకి రమ్మని పిలవగానే మారుమాట లేకుండా ఒప్పుకుంది.

"అంత చిన్న పోటీకి నువ్వెందుకు దీపూ?" అన్నాడు వాళ్ళ నాన్న జగన్మోహన్.

"అక్కడొక పని మిగిలిపోయింది నాన్నా."

ఆ పని పేరు కర్ట్. ఆమె కాళ్ళకు మొదట స్కీ పలకలు కట్టిన కోచ్. ఆ ఆటలో దూకేవాళ్ళు కొండ నెత్తిన అడ్డపట్టె మీద కూర్చుంటారు. కింద గట్టు మీద కోచ్ జెండా ఎత్తి గాలి చూస్తుంటాడు. ఎదురుగాలి మనిషిని గాలిపటంలా లేపుతుంది. వెనకగాలి నెత్తిన మొట్టి కింద పడేస్తుంది. కోచ్ జెండా దించితే బయల్దేరాలి. ఎక్కువ దూరం ఎగిరినవాళ్ళదే గెలుపు.

ఆమెకు పదహారేళ్ళప్పుడు, జూనియర్ జట్టు ఎంపిక రోజున, కర్ట్ వెనకగాలిలో జెండా దించాడు. మెడ మీద చల్లగా తగులుతున్న ఆ గాలి దేదీప్యకు తెలుస్తూనే ఉంది. ఆమెతో ఆడే అమెరికన్ పిల్లలైతే కదలకుండా కూర్చునేవాళ్ళు. కానీ ఆమెను "కోచ్ అంటే గురువు తల్లీ, ఆయన మాట జవదాటకు" అని చెప్పి పంపేవాడు నాన్న. దూకింది. రాయిలా పడింది. తర్వాత కర్ట్ తన కూతురు ఆడ్రీకి మాత్రం మంచి గాలి వచ్చేదాకా జెండా దించనే లేదు. జట్టులో చోటు ఆడ్రీకి దక్కింది.

"మంచు మీవాళ్ళ రక్తంలో లేదులే," అని కర్ట్ ఆమె భుజం తట్టాడు.

ఆ తట్టు వాతలా మిగిలిపోయింది. దేదీప్య ఊరు మారింది, కోచ్‌ని మార్చింది, మోకాలు విరగ్గొట్టుకుని మళ్ళీ ఎక్కింది. దూకిన ప్రతిసారీ కింద గట్టు మీద ఆ మనిషే కనిపించేవాడు.

పోటీ రోజు అందరూ వేడి సూప్ తాగుతుండగా ఆమె తిన్నగా అతని దగ్గరికి వెళ్ళింది.

"మా కోచ్‌ని తీసుకురాలేదు. నాకు మీరే జెండా దించాలి."

ఆడ్రీ నవ్వింది. "మా నాన్న మీద అంత నమ్మకమా?"

"ఇవాళ అందరూ చూస్తుంటారుగా," అంది దేదీప్య. కర్ట్ చేతిలో స్పూన్ ఆగిపోయింది.

ఆఖరి రౌండ్‌లో ఆడ్రీ చాలా దూరం ఎగిరి ముందు నిలిచింది. ఇక దేదీప్య ఒక్కతే మిగిలింది. పచ్చలైటు వెలిగింది. పది సెకన్లలో బయల్దేరకపోతే ఓడినట్టే. ఎదురుగాలి దివ్యంగా లేచింది. కర్ట్ వెంటనే జెండా దించాడు.

దేదీప్య కదల్లేదు.

కర్ట్ మళ్ళీ ఎత్తి, మళ్ళీ దించాడు. జనంలో గుసగుసలు. "దూకు తల్లీ!" అని కింద నుంచి జగన్మోహన్ అరిచాడు. ఆమె కర్ట్ వైపే చూస్తూ కూర్చుంది. వందమంది ఎదుట అతను పనికిరాని గుడ్డముక్కలా ఆ జెండాను ఊపుతూనే ఉన్నాడు. గాలి చచ్చిపోయింది. ఇంకొక్క సెకను ఉందనగా ఆమె పట్టె వదిలింది.

లేపడానికి గాలి లేదు. ఉన్నదంతా ఒళ్ళే, కసే. స్కీల మధ్యకు ముక్కు దూర్చి, నేల తరుముకొస్తున్నా కాళ్ళు దించలేదు. ఆడ్రీ దిగిన చోటి గుర్తుకు జానెడు అవతల దిగి గెలిచింది.

కర్ట్ రొప్పుతూ వచ్చాడు. "అది మంచి గాలి. నిజాయితీగానే ఇచ్చాను."

"తెలుసు."

"మరెందుకు దూకలేదు?"

"మీరిచ్చే గాలి నాకొద్దు."

ఆడ్రీ ఇద్దరి మొహాలూ చూసింది. "ఏంటి నాన్నా? ఏమంటోంది?"

"ఆయన్నే అడుగు," అంది దేదీప్య. "నువ్వు జూనియర్ జట్టులోకి ఎలా వచ్చావో చెప్తారు."

కర్ట్ తల వంచి జెండాను కర్రకు చుట్టసాగాడు. ఆడ్రీ ఇంకా అతని వైపే చూస్తోంది.

పార్కింగ్ లాట్‌లో జగన్మోహన్ ఉండబట్టలేకపోయాడు. "ఒక్క సెకను ఆలస్యమైతే అంతా పోయేది కదే!"

"పోతే పోయేది. అతను జెండా దించినప్పుడు మాత్రం దూకేదాన్ని కాదు."

"అయినా గురువుని అంతమందిలో..."

"ఎంపిక రోజు వెనకగాలి అని నాకు తెలుసు నాన్నా. నువ్వు చెప్పావని దూకాను."

జగన్మోహన్ కారు కీస్ తీసి డ్రైవర్ వైపు తలుపు దగ్గరికి వెళ్ళాడు.

"కీస్ ఇవ్వు," అంది దేదీప్య. "డ్రైవ్ నేను చేస్తాను."