చీలమండ లోతు

పొద్దున్నే చద్దన్నం తిని, తలమీద గుడ్డచుట్ట కుదుర్చుకుని, దానిమీద చేపల గంప పెట్టుకుని మస్తానమ్మ సరస్సు దాటేది. దొరువుపాళెం నుంచి అవతలి ఒడ్డుకు పడవలో గంటన్నర దారి. ఆమెకు పడవ అక్కర్లేదు, నడిచే పోయేది. పులికాట్ సరస్సు ఎక్కడెంత లోతున్నా ఆమె అడుగు పెట్టిన చోట చీలమండ లోతే. ఆమె కొంగు పట్టుకుని వెంట నడిచేవాళ్ళకూ అంతే. ఊళ్ళో దీన్ని ఎవరూ వింత అనుకోలేదు. పడవ తప్పిపోయినవాళ్ళు ఆమె కొంగు పట్టుకునేవాళ్ళు. పైగా "బిన్నా నడువు మే, పెళ్ళికి పోవాల" అని ఆమెనే కసిరేవాళ్ళు. ఉపకారం చేసేవాళ్ళంటే లోకానికి ఎప్పుడూ లోకువే.

అరవై ఒకటో సంవత్సరంలో ఏసుమణి ఆ ఊరొచ్చింది. నాయుడుపేట బడిపంతులు కూతురు. వాల్తేరులో జంతుశాస్త్రం చదివింది. సరస్సు అడుగున ఏమేం బతుకుతున్నాయో, మనుషులు చేసే పనుల వల్ల వాటికేమవుతోందో రెండేళ్ళలో లెక్క తేల్చమని సర్కారు ఆమెను పంపింది. ఆమె దగ్గర గజం పొడవూ గజం వెడల్పూ ఉన్న చెక్క చట్రం ఒకటుండేది. దాన్ని నీటి అడుగున పరిచి, ఆ చట్రంలో పడ్డ రొయ్యపిల్లలూ చేపపిల్లలూ పీతలూ ఆల్చిప్పలూ అన్నీ లెక్కపెట్టి పుస్తకంలో ఎక్కించాలి. అలా నూట పన్నెండు చోట్ల, నెలనెలా. చేపల శాఖవాళ్ళు ఇస్తామన్న పడవ రేపూ మాపూ అంటూ రానేలేదు. ఇంకొకరైతే ఆ వంక చెప్పుకుని ఇంట్లో కూర్చునేవాళ్ళు. ఏసుమణి చీర ఎగ్గట్టి, మస్తానమ్మ కొంగు పట్టుకుని నీళ్ళలో దిగింది.

మొదటి ఏడు చట్రానికి నలభై రొయ్యపిల్లలు తగ్గలేదు. రెండో ఏడు మొదట్లో ఇరవై అయ్యాయి, చివరికి పదకొండు. అదే సమయంలో మస్తానమ్మకు నీళ్ళు పెరుగుతూ వచ్చాయి. చీలమండ దాటి పిక్కకు, పిక్క దాటి మోకాటికి. కులపెద్ద ముత్యాలయ్య అది విని, "వయసు మీద పడిందిలే మే, కాళ్ళకు వేపనూనె రాసుకో" అన్నాడు. ఊరు కూడా అదే అనుకుంది. ఏసుమణి మాత్రం దర్జీ టేపు తెచ్చి మస్తానమ్మ కాలు మీదే లోతు కొలిచింది. రొయ్యపిల్లలు తగ్గిన నెలలూ లోతు పెరిగిన నెలలూ ఒకటే.

కారణం ఏసుమణికి తెలియకపోలేదు. సముద్రం సరస్సులోకి వచ్చే వాకిలిని మొగ అంటారు. పోటు నీళ్ళతో పాటు సముద్రంలోని రొయ్యపిల్లలన్నీ ఆ వాకిట్లోంచే లోపలికొచ్చి పెరుగుతాయి. అక్కడ వల వేసే హక్కును ఏటా అమ్మవారి ముందు చీటీ తీసి ఒక ఇంటికిస్తారు. దాని పేరు పాడు. పాత నూలు వల కంట్లో బొటనవేలు దూరేది. కొత్తగా వచ్చిన నైలాను వల కంట్లో బియ్యపుగింజ కూడా దూరదు. దాన్ని మొగకు అడ్డంగా కడితే ఇక లోపలికొచ్చేదేముంది?

"పెద్దమ్మా, ఈ ఏడు మొగ కాడ పాడు ఎవరికొచ్చింది?" అని ఒకరోజు నడుస్తూ నడుస్తూ అడిగింది ఏసుమణి.

"నా కొడుకు రమణయ్యకే. ఎనిమిదేళ్ళకొచ్చింది. కొత్త వల కూడా తెచ్చినాడు" అంది మస్తానమ్మ.

ఏసుమణి లెక్కల పుస్తకాన్ని పైట కిందికి జరుపుకుంది. మస్తానమ్మ గంప సర్దుకుని, "నాకు తెలుసులే పాపా. నీ లెక్క ఎంతొస్తే అంత రాయి. మావోడని తగ్గించి రాయమాక" అంది.

ఏసుమణి తగ్గించలేదు. మొగల దగ్గర సన్నకంటి వలలు వేయకూడదని తేల్చి, నెల్లూరుకు రిపోర్టు పంపింది. పదిహేను రోజులకు అది తిరుగు టపాలో వచ్చిపడింది. సరుకు పడవలు తిరిగే సరస్సు మొదటి ఏడంతా ఆరు అంగుళాల లోతే ఉన్నట్టు రాశారనీ, కనుక మొత్తం రిపోర్టు నమ్మదగినది కాదనీ అక్కడి అధికారి ఎర్ర సిరాతో రాశాడు. ఏసుమణి తల పట్టుకుంది. రెండేళ్ళు ఆ ఊరి నీళ్ళు తాగిన మనిషికి, కొంగు పట్టుకుని కొలిచానని రాయాలనే తోచలేదు. అన్నం చేత్తో తిన్నానని ఎవరు రాస్తారు? ఆమెకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండూ మింగి, స్వయంగా వచ్చి చూడమని ఆ అధికారికి ఉత్తరం రాసింది. జవాబు రాకపోతే మళ్ళీ రాసింది. నాలుగో ఉత్తరానికి ఆయన వచ్చాడు.

ఆయన పేరు పద్మనాభయ్య. నిజాయితీపరుడు, అందుకే మరీ కష్టం. పడవలో కూర్చుని తాడు వదిలి కొలిచి, "తొమ్మిదడుగులు. మీరు రాసిందేమిటమ్మా?" అన్నాడు.

"మస్తానమ్మగారి కొంగు పట్టుకుని కొలిచినా సార్."

పద్మనాభయ్య ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. కాగితాలన్నీ తిరగేసి, "మరి ఆ మాట ఏ గడిలో రాశారు? ఎవరి వెంట కొలిచారో రాయని కొలత చెల్లదు. నా ఎదుట ఇంకోసారి కొలవండి. కుదరకపోతే వచ్చే వారం సన్నకంటి వలలకు లైసెన్సులు ఇచ్చేస్తారు. నేను ఆపలేను" అన్నాడు.

ఆ మధ్యాహ్నం పోటు మొదలయ్యే వేళకు ముగ్గురూ నీళ్ళలో దిగారు. ముందు మస్తానమ్మ, ఆమె కొంగు పట్టుకుని ఏసుమణి, ఏసుమణి తర్వాత అదే కొంగు అంచు పట్టుకుని, ఫైలు నెత్తిన పెట్టుకుని పద్మనాభయ్య. దారిపొడవునా మోకాటి లోతు. ఏసుమణి చట్రం పరిచి, వంగి లెక్కపెట్టి చెబుతుంటే ఆయన రాసుకున్నాడు. మొగ దగ్గరపడేకొద్దీ లోతు తొడలకొచ్చింది, నడుముకొచ్చింది. అక్కడ రమణయ్య నైలాను వల కట్టి పడవలో కాపు కాస్తున్నాడు. పద్మనాభయ్య ఫైలు తడుస్తుందని ఆ పడవెక్కేశాడు.

"ఇంక చాలు, రా మే పైకి" అన్నాడు రమణయ్య తల్లితో.

మస్తానమ్మ ఆగలేదు. వల వైపే నడిచింది. నీళ్ళు రొమ్ముకొచ్చాయి.

"పెద్దమ్మా, నాకు భయంగా ఉండాది" అంది ఏసుమణి. పొట్టి మనిషి, నీళ్ళు అప్పటికే ఆమె భుజాలకొచ్చాయి.

"కొంగు వదిలేసి పడవ పట్టుకో."

"వదలను. ఈ ఒక్క కొలతే మిగిలుండాది" అని ఏసుమణి మునివేళ్ళ మీద లేచి టేపు ఎత్తి పట్టింది.

రమణయ్య పడవలో లేచి నిలబడ్డాడు. పుట్టినప్పటి నుంచీ తల్లికి మోకాళ్ళ పైన ఏదీ ఆ నీళ్ళలో తడవడం అతను చూడలేదు. ఇప్పుడు ఆమె మెడ దాకా మునిగి ఉంది. తలమీద చుట్ట ఒకటే పొడిగా ఉంది.

"అమ్మా! ఆడనే నిలబడు!" అని గావుకేక పెట్టాడు.

"నిలబడితే తగ్గుద్దా రా? నీ వల ఇట్టనే ఉంటే నేను యాడ నిలబడినా ఇంతే లోతు" అంది మస్తానమ్మ. గొంతులో కోపం లేదు. ఇంకో అడుగు వేసింది. నీళ్ళు పెదవులకు తగిలాయి.

రమణయ్య పడవ అంచుకు వంగాడు. కత్తి తీసి వల తాళ్ళు రెండువైపులా తెంచేశాడు. ఎనిమిదేళ్ళు కాచుకున్న పాడు. పోటు నీళ్ళు ఒక్కసారిగా లోపలికి దూకాయి, వాటితో పాటు గోరంత రొయ్యపిల్లలు లక్షలు లక్షలుగా. నీళ్ళలో ఉన్న ఇద్దరి ఒళ్ళంతా చిటపట తగిలి పోయాయి.

మస్తానమ్మ పెదవుల దగ్గర నీళ్ళు గొంతుకు దిగాయి. గొంతు నుంచి భుజానికి దిగి, అక్కడ ఆగిపోయాయి.

"ఆరంగుళాలు తగ్గింది సార్!" అంది ఏసుమణి దగ్గుతూ. "రాసుకోండి!"

"రాస్తున్నానమ్మా. మస్తానమ్మ వెంట, మొగ దగ్గర, నా ఎదుట" అని పద్మనాభయ్య పైకి చదువుతూ రాసి, కింద సంతకం పెట్టి, తేదీ వేశాడు. "బొటనవేలు దూరని వల ఏ మొగకూ కట్టకూడదు. ఇక దీన్ని ఎవరు కాదంటారో చూస్తా."

"మిగతా లోతు ఎప్పటికి తగ్గుద్ది పాపా?" అని అడిగింది మస్తానమ్మ.

"తెలీదు పెద్దమ్మా. ఎన్నేళ్ళయినా కొలుస్తా."

అప్పటికే పోటు ఉరవడి పెరిగింది. రమణయ్య వంగి ముందు ఏసుమణిని పైకి లాగాడు. తర్వాత తల్లి రెండు చేతులూ పట్టుకుని ఎత్తాడు. యాభై ఎనిమిదేళ్ళు ఆ నీళ్ళ మీదే బతికిన మస్తానమ్మ పడవెక్కడం అదే మొదలు. పడవ కదిలేసరికి భయపడి నడిమధ్యన నిలువునా నిలబడిపోయింది. ఎక్కడ కాలు పెట్టాలో, ఏది పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. రమణయ్య గడ పక్కన పెట్టి, తల్లి భుజాలు పట్టుకుని, ఎలా కూర్చోవాలో నేర్పాడు.