తలా కాస్త మందు

మా లాండ్రీలో దుప్పట్లకి ఉన్న మర్యాద చేతులకి లేదు. హోటళ్ళ నుంచి వచ్చిన దుప్పట్లు తెల్లగా, మడత నలగకుండా తిరిగి వెళ్తాయి. వాటిని ఉతికిన చేతులు మాత్రం పొట్టు రాలుతూ ఇంటికి వస్తాయి. మొండి మరకలున్న గుడ్డల్ని మిషన్లో వేసేముందు తొట్టెల్లో నానబెట్టి చేత్తో రుద్దాలి. రబ్బరు తొడుగులు ఇస్తారు. అవి వేసుకుంటే మరక వదిలిందో లేదో వేళ్ళకి తెలియదు. అందుకని ఎవరూ వేసుకోరు. తొడుగులు మేకుకి వేలాడుతూ మమ్మల్ని చూస్తుంటాయి.

పగుళ్ళు మొదలయ్యాక బుజ్జిదాన్ని మోచేతులతో ఎత్తుకోవడం నేర్చుకున్నాను. దానికి ఏడాది దాటింది. అరచేత్తో వీపు నిమిరితే నత్తలా ముడుచుకుపోయేది. కానీ నా కుడిచేతి చూపుడువేలు మాత్రం దానికి కావాలి. అది నోట్లో పెట్టుకుని చప్పరిస్తే తప్ప కన్ను మూతపడదు. గరుకైనా సరే, ఆ వేలే. నేను ఇంటికి రాగానే సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, ఆ ఒక్క వేలు దానికి అప్పగించేసి పక్కన పడుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం మేము తిండి డబ్బాలు విప్పే వేళకి పెద్దాసుపత్రి నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. తడి నేలమీద జారకుండా గోడ పట్టుకుంటూ వచ్చి, మా మధ్యే ఒక బల్లమీద కూర్చుంది. నీళ్ళలో సబ్బులో నాని చేతులు చెడినవాళ్ళ కోసం కొత్త పూతమందు ఒకటి తయారైందట. అది పనిచేస్తుందో లేదో చూడటానికి మనుషులు కావాలట. చేరినవాళ్ళు రోజుకి రెండుసార్లు పూసుకోవాలి. మధ్యమధ్య ఆసుపత్రికి వెళ్ళి చేతులు చూపించాలి. వెళ్ళిన ప్రతిసారీ, పని పోయిన పూటకి బదులుగా డబ్బులిస్తారు.

"ఒక మాట ముందే చెప్తున్నా," అంది నర్సమ్మ. "సగంమందికి మందున్న ట్యూబు వస్తుంది. సగంమందికి మందు లేని ఉత్త పూత. ఎవరికి ఏది వచ్చిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు, చేతులు చూసే డాక్టరుకీ తెలియదు."

"మరి ఎవరికి తెలుసమ్మా, పైవాడికా?" అంది పెద్దక్క. మా తడి విభాగానికి పెద్ద ఆవిడే. వయసులోనూ, గొంతులోనూ.

"వేరే ఆఫీసులో ఉన్నవాళ్ళకి తెలుసు. అంతా అయ్యాకే వాళ్ళు బయటపెడతారు."

పెద్దక్క తన చేతులు రెండూ తిప్పి చూసుకుని, "వీటికి ఇంతకంటే ఏం చెడుతుందిలే, రాసుకో నా పేరు," అంది. ఆవిడ వెనకే మరో ఇద్దరు రాయించుకున్నారు. నర్సమ్మ నా వైపు తిరిగింది.

"ఒకవేళ..." అన్నానో లేదో, అందరూ గొల్లుమన్నారు. లాండ్రీలో నా పేరే ఒకవేళమ్మ. మిషన్ తలుపు వేశాక కూడా ఒకవేళ సరిగా పడలేదేమో అని ఇంకోసారి లాగి చూసే రకాన్ని నేను.

నవ్వులు తగ్గాక అడిగాను. "మా పాప నా వేలు చప్పరిస్తే గానీ నిద్రపోదండీ. ఒకవేళ మందు దాని నోట్లోకి పోతే?"

ఏం కాదులే అంటుందనుకున్నాను. నా ఒకవేళలన్నిటికీ లోకం ఇచ్చే జవాబు అదే. నర్సమ్మ కాసేపు ఆలోచించింది. "ఇది నాకు తెలియదమ్మా. అడిగి చెప్తాను. అప్పటిదాకా కాగితాలు ఇంటికి తీసుకెళ్ళి చదువుకో," అంది.

ఎనిమిదో తరగతి మధ్యలో ఆగిన చదువు నాది. పెద్ద మాటల దగ్గర ఆగి, కూడబలుక్కుని, వంటింటి గడపమీద కూర్చుని అన్నీ పైకే చదివాను. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానుకోవచ్చు అని ఒకచోట ఉంది. అది మళ్ళీ చదివాను. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవచ్చని కాగితం మీద రాసి ఇచ్చినవాళ్ళని అంతకుముందు ఎరగను.

అత్తయ్య బుజ్జిదానికి తినిపిస్తూ అంతా వింది.

"లోకమంతా మందుకి డబ్బు కట్టి ఏడుస్తుంటే, వీళ్ళు ఎదురు డబ్బులిచ్చి మందు పూస్తారా? నేనేమన్నా నిన్న పుట్టానా?"

"పనిచేస్తుందో లేదో వాళ్ళకింకా తెలియదట అత్తయ్యా. తెలుసుకోవడానికే."

"ఆ తెలుసుకునేదేదో నీ చేతిమీదే తెలుసుకోవాలా?"

నిజానికి నా మనసులో ఉన్న ప్రశ్నా అదే. మా ఆయన గోడలకి రంగులు వేస్తాడు. గోళ్ళలో ఉన్న రంగు గీక్కుంటూ, "మరి ఎవరి చేతిమీద తెలుసుకోవాలమ్మా? నీ చేతిమీదా?" అన్నాడు.

"నోర్ముయ్యరా. నేను కాచి ఇచ్చిన నూనెకేం తక్కువైంది?"

"ఏమీ తక్కువ కాలేదు. వాసనే కాస్త ఎక్కువైంది. మొన్న పక్కింటివాళ్ళు కూడా కిటికీ మూసుకున్నారు."

అత్తయ్య చేతిలో గరిట ఉంటే విసిరేదే. చెంచా ఉండటం వల్ల బతికిపోయాడు. నాతో మాత్రం, "నీ చేతులు, నీ ఇష్టం. చేరితే చేరు, లేకపోతే లేదు. కానీ చేరాక రోజూ భయపడి చావకు," అన్నాడు. అదే నాకు కష్టం. భయపడకుండా నేను చేసిన పనేదీ లేదు, పెళ్ళితో సహా.

కొన్నాళ్ళకి చేరిన ముగ్గురికీ ట్యూబులు వచ్చాయి. తెల్లటివి, పేరు లేదు, నంబరు ఒక్కటే. ఆ రోజు తిండి దగ్గరే ముచ్చట జరిగింది.

మా విభాగంలో ఎవరి డబ్బా వాళ్ళు తినడమంటే తప్పు కింద లెక్క. డబ్బాలన్నీ మధ్యలో పెట్టాలి, అందరి చేతులూ అన్నిట్లోకీ వెళ్ళాలి. ఒకరింట్లో కూర మాడితే అందరం కలిసి మాడిన కూర తింటాం. ఆ లెక్కనే పెద్దక్క డబ్బాల మధ్యలో ఒక వెడల్పాటి గిన్నె పెట్టి, తన ట్యూబు మూత తీసి, చివరిదాకా పిండేసింది.

"ఏంటక్కా అది?" అన్నాను.

"మనలో మనకి ఒకరికి మందు, ఒకరికి మట్టా? ఇన్నేళ్ళు ఒక తొట్టెలో చేతులు పెట్టినవాళ్ళం. ఇలా తేండే మీవి."

మిగిలిన ఇద్దరూ తమ ట్యూబులు పిండారు. పెద్దక్క చెంచాతో గిరగిరా తిప్పి కలిపేసింది. "ఇప్పుడు సరి. తలా కాస్త మందు, తలా కాస్త మట్టి. ఎవరి మొహం ఎవరూ చూడక్కర్లేదు." చేరనివాళ్ళని కూడా పిలిచింది. చేతులు చెడినవాళ్ళంతా వచ్చి రాసుకున్నారు.

"నువ్వూ రావే ఒకవేళమ్మా. సంతకం లేదు, ఆసుపత్రి లేదు, ఊరికే వచ్చింది."

ఆ పొద్దున్నే మరకల మందు నీళ్ళలో చేయి పెట్టాను. వేళ్ళ కణుపులు మంటెత్తిపోతున్నాయి. గిన్నెలోది చల్లగా, వెన్నలా కనిపించింది. చేయి చాచాను కూడా. అంతలో అనిపించింది. ట్యూబులో ఏముందో ఎక్కడో ఒకరికైనా తెలుసు. ఈ గిన్నెలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు. చేయి వెనక్కి తీసుకున్నాను.

"పాప వేలక్కా..."

"అయితే ఎడమ చేతికి రాసుకో!"

"ఒకవేళ అది ఎడమ చేతికి మారితే?"

పెద్దక్క చెంచాతో నెత్తిన ఒకటి వేసింది. నాకూ నవ్వాగలేదు.

నర్సమ్మ మళ్ళీ వచ్చినప్పుడు పెద్దక్క ఆవిడకి బల్ల తుడిచి వేసి, చేతులు చూపించి, జరిగిందంతా తనే గొప్పగా చెప్పింది. "మీ ట్యూబులు భలే కలిసిపోయాయమ్మా. ఎవరికీ అన్యాయం జరగలేదు."

నర్సమ్మ నోరు తెరిచి, మూసి, చివరికి రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని కంగారుపడ్డాం. చేతులు తీస్తే తెలిసింది, నవ్వాపుకుంటోంది.

"మీలో మీకు మీరు చేసింది న్యాయమేనమ్మా," అంది కాసేపటికి. "కానీ ఇక మిమ్మల్ని ముగ్గుర్నీ లెక్కలోకి తీసుకోవడం కుదరదు. మీ చేతులు నయమైతే దేనివల్ల నయమయ్యాయో చెప్పలేం."

"అంటే ఎవరో ఒకరికి ఉత్తది తగలాల్సిందేనా? తెలిసి తెలిసీ?"

"తగలాల్సిందే. అది తెలిసే చేరాలి. అందుకే ముందే చెప్పాను. మందు మంచిదని తేలితే, ఉత్తది వాడినవాళ్ళకి చివర్లో అసలుది ఇస్తారు."

పెద్దక్క మొహం ముడుచుకుంది. నాకు అప్పుడే ఒకటి తోచింది. "కొత్త సబ్బుపొడి వచ్చినప్పుడు, పాతదీ కొత్తదీ ఒకే తొట్టెలో పోసి చూస్తామా అక్కా?"

ఆవిడ నా వైపు తిరిగింది. "అదేదో గిన్నె కలపకముందు ఏడవొచ్చుగా!"

"ఇప్పుడే తోచిందక్కా."

"నీకు భయాలు ముందొస్తాయి, బుద్ధి వెనకొస్తుంది," అంది. కానీ నవ్వేసింది. నర్సమ్మ ఆ గిన్నెలో వేలు పెట్టిన చేతులన్నీ ఒకటొకటిగా చూసి, దురదగానీ మంటగానీ వస్తే వెంటనే కబురు చేయమని చెప్పింది. ఎవరినీ కసరలేదు.

వెళ్ళేముందు నన్ను పక్కకి పిలిచింది.

"నీ ప్రశ్న డాక్టరుని అడిగాను. చిన్నపిల్లల నోట్లోకి పోతే ఏమవుతుందో ఎవరూ చూడలేదట. అందుకని పాపకి ఆ అలవాటు ఉన్నంతకాలం నువ్వు చేరకూడదన్నారు. అలవాటు మానితే చేరొచ్చు. చేరకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు."

అప్పుడే ముగ్గురు మనుషుల్ని పోగొట్టుకున్న మనిషి, నాలుగో మనిషికి వద్దని చెప్పడానికి పనిగట్టుకుని నిలబడింది. చేరాలని నాకు ఖాయంగా అనిపించింది అక్కడే.

ఇక మిగిలింది బుజ్జిది. సెలవురోజు మధ్యాహ్నం ఇంట్లో చెప్పాను, ఈ వేలు మానిపించాలని. అత్తయ్య ఒప్పుకోదనుకున్నాను.

"మందు పోతుందని భయపడ్డావు సరే. ఆ సబ్బు వేలు నోట్లో పెడుతుంటే నాకు ఎప్పటినుంచో ఒళ్ళు మండుతోంది. మానిపించు," అంది.

"మీరెప్పుడూ అనలేదే?"

"అంటే భయంతో నువ్వు నిద్రపోవడం మానేస్తావని అనలేదు."

నిద్రవేళకి బుజ్జిది నా వేలు వెతుక్కుంది. చేయి వెనక్కి దాచుకున్నాను. ఇంటి పైకప్పు లేచిపోయేలా ఏడ్చింది. మా ఆయన తన వేలు ఇచ్చాడు. రంగు వాసనకి మొహం తిప్పేసుకుంది. "నా వేలేం పాపం చేసింది?" అంటూ అత్తయ్య తన వేలు పెట్టింది. బుజ్జిది ఉన్న నాలుగు పళ్ళతో కసుక్కున కొరికింది.

"అమ్మో! ఇది ఎవరి పోలికరా?"

"కొరకడంలోనా? నీదేనమ్మా," అన్నాడు మా ఆయన.

అత్తయ్య పట్టు వదల్లేదు. పిల్లని భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరిగింది. ఏదో అర్థంపర్థం లేని పాట అందుకుంది. ఏడ్చి ఏడ్చి బుజ్జిదాని చేయి ఆవిడ చెవి దగ్గరికి పోయింది. చెవితమ్మె మెత్తగా దొరికింది. అది పట్టుకుని నలుపుతూ నలుపుతూ ఎక్కిళ్ళు ఆపింది. తల వాలిపోయింది.

ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు గొడవ చేసింది కానీ, చివరికి చెవే ఖాయమైంది. అత్తయ్య చెవి ఎర్రగా కందిపోయేది. "నా దగ్గరైతేనే పడుకుంటుంది," అని ఆ చెవిని ఊరంతా చూపించి వచ్చేది. నేను పక్కన పడుకుంటే బుజ్జిది నా వేలు ఒకసారి తీసి చూసి, వదిలేసేది. నేను కోరుకున్నది అదే. అయినా ఆ వేలిని ఏం చేయాలో తెలియక గుప్పిట్లో మూసుకుని పడుకున్నాను. పిల్లలు మనం మానిపించినవి ఇంత త్వరగా మానేస్తారని ఎవరూ చెప్పరు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితాలు నా ముందు పెట్టింది. సంతకానికి ముందు, నీకేం అర్థమైందో నీ మాటల్లో చెప్పు అంది. మెల్లగా చెప్పాను.

"రెండు తొట్టెలండీ. నేను ఏ తొట్టెలో ఉన్నానో నాకు తెలియదు. ఇది ఎవరితోనూ పంచుకోకూడదు. పాప నోటికి తగలకూడదు. తేడా వస్తే చెప్పాలి. వద్దనుకుంటే మానేయొచ్చు."

"ఇంకేమైనా అడగాలా?"

"ఒకవేళ నాకు ఉత్తదే వస్తే?"

"రావచ్చు," అంది ఆవిడ.

అంతే. ఇంకో మాట కలపలేదు. నేను సంతకం పెట్టాను.

ట్యూబుతో లాండ్రీకి వెళ్ళగానే పెద్దక్క అడ్డం వచ్చింది. "మందా, ఉత్తదా?"

"తెలియదక్కా."

"తెలియకుండా నువ్వు ఉండగలవా? వేసిన గడియ మళ్ళీ లాగి చూసేదానివి!"

ఉండగలుగుతున్నాను. అది నాకూ కాస్త వింతగానే ఉంది. పెద్దక్క చుట్టూ చూసి గొంతు పెంచింది. "వినండే! దీని ట్యూబు జోలికి ఎవరైనా వెళ్ళారో, చేతులు విరగ్గొడతా. విరిగిన చేతులకి మళ్ళీ ఏ నర్సమ్మా రాదు."

ఇప్పుడు రోజూ పొద్దున్నే నా చేయి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్తుంది. మరక వదిలిందా అని దుప్పటి చూసినట్టు వెలుతురుకి ఎత్తి చూస్తుంది. ఒకరోజు "మందే" అంటుంది, మర్నాడు "ఉత్తదే" అంటుంది. లాండ్రీ రెండు జట్లుగా చీలిపోయింది. మడతలు పెట్టేవాళ్ళంతా మందు జట్టు, తొట్టెలవాళ్ళంతా ఉత్త జట్టు. ఓడినవాళ్ళు అందరికీ టీ పోయించాలట. నన్ను ఏ జట్టులోనూ చేర్చుకోలేదు. టీ మాత్రం ఎవరు ఓడినా నాకు వస్తుందట.