అత్తయ్య కారులో ఆగని ఫ్యాన్

“మధ్యాహ్నం ఒక ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు. నచ్చితే రేపట్నుంచి పెట్టుకుంటా” అన్నాడు నాన్న, పొద్దున్నే మా మెకానిక్ షెడ్డు షట్టరెత్తుతూ.

నాకు ప్రాణం ఉసూరుమంది. మూడేళ్లుగా ప్లగ్గులు తుడుస్తూ, బ్యాటరీల్లో నీళ్లు పోస్తూ, ఆ పని కోసమే కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాను.

“నేనున్నాగా నాన్నా?”

“ఏదీ, నా సాయం లేకుండా ఒక్క బండి రోగం కనిపెట్టు. చూద్దాం.”

అంతలో హోరుమంటూ మేనత్త కారు లోపలికొచ్చింది. ఇంజను ఆపేసి, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని దిగింది. బానెట్ కింద హోరు మాత్రం ఆగలేదు.

“నిన్న సాయంత్రం నుంచీ ఇదే గోల! తాళం తీసినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. పక్కింటాయన బ్యాటరీ వైరు పీకితే గానీ ఆగలేదు. పొద్దున పెట్టగానే మళ్లీ మొదలు. మీ మామయ్యనైనా నోరు మూయించగలిగాను గానీ దీన్ని నా వల్ల కాలేదు!”

ఊళ్లో అందరి మీదా కేకలేసే నాన్న, అక్క ముందు మాత్రం పిల్లి. “ఇది చూస్తుందిలే అక్కా” అని నన్ను ముందుకు తోశాడు.

“ఇదా? సర్లే, ఉన్నది ఊడగొట్టకే తల్లీ!”

నా మొదటి అనుమానం రిలే మీద. ఫ్యాన్‌కు కరెంటు వదిలే తలుపు అదే. ఇరుక్కుపోయిందేమోనని పీకేశాను. ఫ్యాన్ ఖాతరు చెయ్యలేదు. ఇంకొకరైతే డీలా పడేవారు. నేను మాత్రం ఎగిరి గంతేశాను. తలుపే ఊడబీకినా కరెంటు వస్తోందంటే, ఎక్కడో దొడ్డిదారి ఉంది!

ఫ్యాన్ మోటారు నుంచి వేళ్లతో తడుముకుంటూ వెళ్లాను. కంపెనీ వైర్ల చాటున ఒక నీలం వైరు, మధ్యలో అతుకు, దాని మీద నల్ల టేపు.

“ఎవడో తలమాసినవాడి పని!” అత్తయ్య నా భుజం మీదుగా తొంగిచూసింది. “దొరకనీ, చేతులు విరిచేస్తా!”

టేపు చివర చిన్న మడత ఉంది. విప్పేవాడికి గోరు దొరకాలని పెట్టిన మడత. ‘రేపు విప్పేవాడు మనల్ని తిట్టుకోకూడదు’ అంటూ ఆ మడత పెట్టే మనిషిని ఒక్కణ్ణే చూశాను నేను. తలెత్తి నాన్న వైపు చూశాను. నాన్న షెడ్డు కప్పులో రేకులు లెక్కపెడుతున్నాడు.

నవ్వు బిగబట్టుకుని, వైరు పట్టుకుని కారు లోపలికి దూరాను. స్టీరింగ్ కింద చిన్న స్విచ్. ఆ స్విచ్‌కు వేలాడుతూ అత్తయ్య కొత్త తోలు సంచి, సంసారమంతా మోస్తున్నంత బరువుగా. సంచి తీశాను. బరువుకు కిందికి పడిపోయి ఉన్న స్విచ్‌ను పైకి నెట్టాను.

హోరు ఆగిపోయింది.

“అత్తా, ఇదేంటి?”

“కొక్కెం! పోయిన వేసవిలో మీ నాన్నే పెట్టాడు. అప్పట్నుంచీ గుడ్డసంచి దానికే తగిలిస్తున్నా. నిన్నే ఈ తోలుది కొన్నా.”

నాన్న నీళ్లు నమిలాడు. “ఇంజను వేడి కనిపెట్టే సెన్సర్ పాడైంది కదక్కా... కొత్తది వచ్చేదాకా స్విచ్ పెట్టాను. వేడెక్కితే వేసుకోమని చెప్పానుగా.”

“నువ్వేదో చెప్పావు. నేను ఫోన్‌లో ఉన్నా.”

“కొత్తది బిగించాక ఇది తియ్యడం మర్చిపోయా.”

“చేతులు విరిచేస్తానన్నావు కదత్తా?” అన్నాను. ఇక నావల్ల కాలేదు. పొట్ట పట్టుకుని నేల మీద చతికిలబడ్డాను. అత్తయ్య బానెట్ మీద చరుస్తూ నవ్వింది. నాన్న కూడా నవ్వక తప్పింది కాదు.

దొడ్డిదారి వైరును రెండు వైపులా కత్తిరించి, కొసలకు టేపు చుట్టి, రిలే పెట్టేశాను. ఇంజను వేడెక్కనిచ్చాం. ఫ్యాన్ దానంతటదే తిరిగింది, చల్లబడ్డాక దానంతటదే ఆగింది. ఆ క్షణాన నా అంత గొప్పది లోకంలో ఎవరూ లేరనిపించింది.

నాన్న వంగి నేను చుట్టిన టేపు చివర గోటితో తడిమాడు. మడత ఉంది. ఫోన్ తీశాడు.

“మీరు రానక్కర్లేదండీ. మాకు ఎలక్ట్రీషియన్ ఉంది. అవును, ఉందనే అన్నాను. మా అమ్మాయి.”

నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి, ముక్కు కూడా కారింది. అత్తయ్యకు అవేం పట్టలేదు.

“మరి నా సంచి ఎక్కడ తగిలించుకోనే?”

“వైర్ల పని నాది అత్తా” అన్నాను, చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుంటూ. “కొక్కేలు నాన్న చూసుకుంటాడు.”

నాన్న బుద్ధిగా స్క్రూలు వెతకడానికి వెళ్లాడు.