మహారాణి బరువు

మా అక్క కూతుర్ని ఇంట్లో అందరం మహారాణి అంటాం. పదేళ్లది. పుట్టినప్పటి నుంచీ కాళ్లు పనిచేయవు. "నేను కాలు కింద పెట్టనుగా, మరి మహారాణినే కదా" అని ఆ పేరు తనకు తానే పెట్టుకుంది. వాళ్లుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. స్కూలు వ్యాను దాకా రోజూ అక్కే ఎత్తుకుని దించుతుంది, మళ్లీ ఎత్తుకుని పైకి తెస్తుంది.

పోయిన నెల మెట్ల మలుపు దగ్గర అక్కకు నడుం పట్టేసింది. పిల్లను గుండెలకు హత్తుకుని మెట్ల మీదే కూలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి మహారాణి కంచం ముందు మొరాయించడం మొదలుపెట్టింది. రెండు ముద్దలు తిని చాలంటుంది. డాక్టరు పరీక్షలన్నీ చేసి జబ్బేమీ లేదన్నాడు. బతిమాలాం, కసిరాం, కథలు చెప్పాం. పిల్ల కళ్లెదుటే చిక్కిపోతోంది.

నడుం నెమ్మదించాక, బరువులెత్తి ఒళ్లు గట్టి చేసుకోమని ఫిజియోథెరపిస్టు అక్కకు చెప్పింది. కెటిల్‌బెల్, అంటే పైన పిడి ఉన్న ఇనుప గుండు, ఎలా ఎత్తాలో కూడా నేర్పింది. దాన్ని కొనడానికే ముగ్గురం వ్యాయామ సామాన్ల షాపుకెళ్లాం.

ఒక అరలో మామూలు ఇనుపవి ఉన్నాయి. బరువు పెరిగేకొద్దీ గుండు లావవుతోంది. పక్క అరలో పోటీల్లో వాడేవి. రంగులే వేరు, అన్నీ ఒకే సైజు.

"ఇవి ఉక్కువండీ," అన్నాడు షాపతను. "తేలికవాటికి లోపల బోలు ఎక్కువ, అంతే. ఎనిమిది కిలోలదైనా ఇరవై నాలుగు కిలోలదైనా పైకి ఒక్కలాగే ఉంటాయి. పిడీ ఒకటే. బరువు పెంచినా చెయ్యి మళ్లీ మొదట్నుంచి నేర్చుకోనక్కర్లేదు."

అక్క నీలం రంగుది, పన్నెండు కిలోలది ఎత్తి చూసింది. ముంజేతికి ఆనించుకుని, కాసేపుంచి దించింది.

"నా బరువుది ఏది?" అంది మహారాణి చక్రాల కుర్చీలోంచి.

"ఎంతుంటావేంటి, ఇరవయ్యా? అయితే ఆ ఊదారంగుది," అన్నాడతను, పాపం, తెలియక.

"అమ్మా, నీకు నీలంది చాల్లే. నేను తగ్గుతున్నాను కదా. కొన్నాళ్లకి అంతే ఉంటాను."

మేం మొండితనం అనుకున్నది ఇదన్నమాట. ఈ పిల్ల తల్లి నడుం కోసం కడుపు మాడ్చుకుంటోంది.

అక్క ఏడవలేదు. కుర్చీ ముందు నేల మీద చతికిలబడింది.

"ఎవరు చెప్పారే నిన్ను తగ్గమని?"

"ఎవరూ చెప్పలేదు. నేనే."

"పెరగడం నీ పని. ఎత్తడం నా పని. నా పనిలో వేలు పెట్టకు."

"మళ్లీ పడితే?"

"పడితే లేస్తాను. మరీ కాదంటే కింది అంతస్తులో ఇల్లు వెతుక్కుంటాను. నువ్వు పస్తులుంటే మాత్రం నాకు చేతులాడవు."

మహారాణి ఆ అరవైపు చూసింది. ఆకుపచ్చది చూపించమంది. ఆ అరలో అన్నిటికన్నా బరువైంది అదే, ఇరవై నాలుగు కిలోలది. షాపతను తెచ్చి కుర్చీ పక్కన పెట్టాడు. పిల్ల వంగి పిడి పట్టుకుని లాగింది. అది కదల్లేదు.

"అమ్మా, దీనిదాకా రాగలవా?"

"వస్తాను. మరి నువ్వు?"

అక్క నీలంది కొనుక్కుంది, బయటికొచ్చాం. వీధి మలుపు తిరగక ముందే మహారాణి నా కొంగు పట్టుకుని లాగింది.

"పిన్నీ, ఆకలేస్తోంది. ఇంటిదాకా ఆగలేను."