ఉన్నికి సగం

ఉతికే మిషన్ గాజు తలుపు తెరిచి, చెయ్యి మోచేయి దాకా డ్రమ్ములోకి దూర్చి, తొడోసియా బట్టలన్నీ బయటికి లాగి పడేస్తోంది. ముందు తువ్వాళ్ళు, తర్వాత పిల్లల పైజమాలు, ఆ తర్వాత చర్చికి కట్టుకెళ్ళే తెల్ల లంగా. వెనకాల నిలబడ్డ పోస్టాఫీసు ఆవిడ మొహం కందగడ్డలా అయింది.

"డబ్బు కట్టింది నేను. నా బట్టలు నా ఇష్టం."

"మిషన్ మాత్రం నీది కాదుగా తల్లీ. చెయ్యి పెట్టు."

"ఏమిటీ?"

"లోపల చెయ్యి పెట్టమంటున్నా. బట్టల మీద పిడికిలి పెట్టి తిప్పు. తిరిగిందా? నీ పిడికిలే తిరగని చోట నీ లంగా ఎలా తిరుగుతుంది? ఉన్నచోటే నానుతూ కూర్చుని, మురికితో సహా బయటికొస్తుంది. అప్పుడు మళ్ళీ నా మీదకే ఒంటికాలి మీద లేస్తావు."

తీసిన బట్టల్ని ఆమె చేతుల్లో కుక్కి, తలుపు ధడాల్న మూసింది తొడోసియా. పోస్టాఫీసు ఆవిడ మెట్లెక్కుతూ, వినపడేలాగే గొణిగింది: "మంగళవారపు ముసల్ది!"

ఊరంతా కలిసి పెట్టిన పేరది. మంగళవారం పొద్దుగూకాక ఉన్ని ముట్టుకున్న ఆడదాని ఇంటికొచ్చి, కాగే నీళ్ళలో దాని చేతులే ఉడకేసే ముసలమ్మ గురించి ఇజా లోయలో ప్రతి పిల్లనీ చెప్పి భయపెడతారు. తొడోసియాకి ఆ పేరు ఉందని తెలుసు. తెలిసి ఊరుకోలేదు, దానికి తగ్గట్టుగా బతకడం మొదలుపెట్టింది. ఎవరైనా చంటిపిల్లని వెంటబెట్టుకొస్తే, ఆ పిల్ల వైపు చూసి పళ్ళు కూడా బయటపెట్టేది. పాపిష్ఠిది, అందులో ఆమెకేదో ఆనందం.

మనిషి పొట్టి. కుడిభుజం ఎడమదానికంటే కిందికి దిగి ఉంటుంది, తడిబట్టల బుట్ట ఎప్పుడూ ఆ చేత్తోనే మోసినందుకు. వేళ్ళ కణుపులు పగిలి, పగుళ్ళలో సబ్బు తెల్లగా పేరుకుపోయి ఉంటుంది. తలకు నల్ల రుమాలు, కాళ్ళకు రబ్బరు బూట్లు. వయసులో ఉన్నప్పుడు ఉన్ని మిల్లులో, గొర్రెల జిడ్డు కడిగే తొట్ల దగ్గర పనిచేసింది. మిల్లు మూతపడ్డాక సిగెత్ పట్నంలో బజారు కింద, నేలమాళిగలో ఉన్న ఈ లాండ్రీలో చేరింది. పెళ్ళి కాలేదు. మంచాన పడ్డ తల్లికి ఎత్తిపోయడంలోనే ఆ వయసు దాటిపోయింది. ఆ సంగతి ఎవరైనా జాలిగా ఎత్తితే కస్సుమనేది.

లాండ్రీలో ఒక పెద్ద మిషన్ ఉంది. ఉందంటే ఉంది, తిరగదు. యజమాని ఒనీగా ఒక శనివారం ఏదో లాడ్జి దుప్పట్లన్నీ తెచ్చి, వద్దంటున్నా వినకుండా మోకాలితో అదిమి మరీ అందులో కుక్కాడు. సగంలోనే లోపల ఏదో ఫటేల్మంది. రిపేరువాడు వచ్చి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ దానికి తాడు కట్టి మూలన పడేశారు. దాని పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా తొడోసియా అరచేత్తో ఒకటి తట్టి, "బాగా అయింది" అంటుంది. అనేది మిషన్‌నో ఒనీగానో ఎవరూ అడగలేదు. ఇక మిగిలినవి చిన్నవి, ఎనిమిది కిలోలవి. ఎనిమిదంటే పొడి నూలుబట్టకి ఎనిమిది. ఉన్నికి సగం. తడిశాక ఉన్ని ఎంతకైనా తెగిస్తుంది. ఈ ముక్క చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పెట్టింది, విన్నవాడు మాత్రం లేడు.

పోస్టాఫీసు ఆవిడ వెళ్ళిన కాసేపటికి మెట్ల మీద ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. ఒక ప్లాస్టిక్ గోతం, దాన్ని రెండు చేతులా పట్టి లాగుతూ ఒక ఆడమనిషి. మెట్టు మెట్టుకీ గోతంలోంచి నీళ్ళు కారుతున్నాయి. రుమాలు జారి, జుట్టు మొహాన అంటుకుపోయింది. వెలుతురులోకి వచ్చాక చూస్తే, తమ్ముడి పెళ్ళాం రఫీలా.

తల్లిని పూడ్చిన రోజు నుంచీ ఆ ఇంటి మనుషులతో తొడోసియాకి మాటల్లేవు. శ్మశానం దగ్గర వచ్చినవాళ్ళకి రొట్టెలు పంచి ఇంటికొచ్చేసరికి, తల్లి మంచం మీది రగ్గు లేదు. తమ్ముడు సిమియోన్ భుజాన వేసుకుపోయాడు. గొర్రె బొచ్చు కత్తిరించిందీ తొడోసియానే, కడిగిందీ వడికిందీ ఆమే. మగ్గం మీద నేసింది మాత్రం తల్లి. ఆ లోయలో చెర్గ అంటారు దాన్ని; ఒకపక్కంతా జూలు వేలాడే రగ్గు, కప్పుకుంటే మనిషి కదల్లేడు. ఆ సాయంత్రం తమ్ముడి గుమ్మం ముందు నిలబడి, ఈ గడప తొక్కితే నా కాళ్ళు విరిగిపోవాలని అరిచొచ్చింది. కాళ్ళు విరగలేదు, ఎందుకంటే తొక్కలేదు.

"ఏమే, దారి తప్పావా?" అంది తొడోసియా.

"తప్పలేదు. బస్సు దిగి, ఇదుగో ఈ శవాన్ని ఈడ్చుకుంటూ వచ్చా." రఫీలా గోతం మూతి విప్పింది. లోపల రగ్గు, సగం గడ్డకట్టి, సబ్బునురగ ఇంకా అంటుకుని ఉంది. "ఉతికి పెట్టు, వదినా. ఇవాళే కావాలి."

తొడోసియా వంగి వాసన చూసింది. సబ్బు, ఉచ్చ, మందుల కంపు.

"నీ ఇంట్లో మిషన్ లేదూ? కొన్నప్పుడు వాకిట్లో పెట్టి ఊరందరికీ చూపించావటగా."

"ఉంది. ఉండేది." రఫీలా మొహం అటు తిప్పుకుంది. "దాని మీద ఏడు అని రాసుంది. ఉన్ని అమ్మేటప్పుడు తూచే కొక్కెం తక్కెడకి తగిలించి చూశా. ఆరున్నర. సరిపోతుందిగా మరి!"

"సరిపోతుంది, ఎందుకు సరిపోదు! తర్వాత?"

"తర్వాత నీళ్ళు తాగుతూనే ఉంది. ఆపదు. ఆపైన తిరగడం మొదలెట్టి ధబధబా ఎగురుకుంటూ స్నానాలగది దాటి వంటింట్లోకి వచ్చేసింది. నేను దాని మీద కూర్చున్నా. నన్ను కూడా తీసుకెళ్ళి పొయ్యికి గుద్ది, చచ్చింది."

తొడోసియా పగలబడి నవ్వింది. ఆ నేలమాళిగలో ఆమె అలా నవ్వగా ఎవరూ వినలేదు. రఫీలా నవ్వలేదు.

"నవ్వుకో. ఆయన నిన్న రాత్రి తడిపేసుకున్నాడు. ఇంకోటి కప్పితే విసిరికొడుతున్నాడు. అమ్మ రగ్గు ఏదీ, అమ్మ రగ్గు ఏదీ అని ఒకటే గొడవ. పక్కింటి మరీనాని కాపలా పెట్టి వచ్చా. ఆస్పత్రివాళ్ళు ఇక తీసుకుపొమ్మన్నారు వదినా. ఊపిరితిత్తుల నిండా ఇన్నేళ్ళూ పనిచేసిన ఆ గని దుమ్మేనట. ఇవాళో రేపో."

తొడోసియా నవ్వు ఆగింది, మొహం మాత్రం మెత్తబడలేదు.

"దొంగసొమ్ము కప్పుకోకపోతే నిద్రపట్టదా దొరగారికి?"

"చస్తున్నాడు నీ తమ్ముడు! చెవికెక్కిందా?"

"ఎక్కింది. ఆ రగ్గు వీటిల్లో పట్టదు. ఇది నీకెక్కిందా? ఇంటికెళ్ళి వాగులో ఉతుక్కో. ఉంది కదా, నీటి సుడిలో రగ్గులు తిప్పే సుడితొట్టి, మీ ఇంటి వెనకే."

"ఈ చలికి వాగే గడ్డకట్టింది, సుడి ఎక్కడ తిరుగుతుంది?" రఫీలా బెంచీ మీద కూలబడింది. "నీకు పట్టించుకోవాలని లేదు, అది చెప్పు. మిషన్ మీద పెట్టి చెప్పకు."

నిజమే, అందులో అబద్ధమేం లేదు. పట్టదన్న మాట ఎంత నిజమో, ఆ మాట చెబుతుంటే తొడోసియాకి కడుపు చల్లబడిందన్నదీ అంతే నిజం. ఇన్నేళ్ళూ ఎదురుచూసిన రోజు, రానే వచ్చింది. గుమ్మంలోకి వాళ్ళే వచ్చారు, ఆమె కాళ్ళు విరగకుండానే. కాని గోతంలోంచి వస్తున్న ఆ వాసన, తల్లిని ఎత్తిపోసిన గదిలో వాసన. అది ముక్కులోంచి పోలేదు.

ఆమె రగ్గును ఈడ్చి బల్ల మీద పరిచింది. మోకాలితో అదుముతూ తిరగేసింది. ఆ లోయ మగ్గాలు సన్నవి. రగ్గంటే రెండు పాయలు నేసి, మధ్యలో కలిపి కుట్టాలి. ఆ కుట్టు దగ్గర ఆమె వేలు ఆగింది. తల్లికి అప్పటికే కళ్ళు సరిగా కనిపించక, ఆ కుట్టు తొడోసియాయే వేసింది. గొడ్డులా బిగించి కుట్టింది, ఎన్నేళ్ళయినా ఎక్కడా వదల్లేదు.

"ఆ మేకుకి కత్తెర ఉంది, అందుకో."

రఫీలా లేచి కత్తెర చూసింది, రగ్గు చూసింది, ఆపైన ఒక్క ఉదుటున రగ్గు మీద పడింది.

"కోస్తావా దీన్ని? వాటా తీసుకుంటావా? మనిషి ఇంకా పోలేదే, ఊపిరి ఉండగానే పంచుకుంటావా! థూ, నీ బతుకు!"

"వాటా కావాలంటే ఆనాడే నీ జుట్టు చేతికి చుట్టుకుని తీసుకునేదాన్ని. లేవవే! సగం అయితే పడుతుంది. పాయ పాయగా ఉతికి, మళ్ళీ కుడతా."

"ప్రమాణం చెయ్యి."

"నీకు ప్రమాణమా? లేవకపోతే నీతో సహా మిషన్లో వేస్తా. తడిస్తే నువ్వూ ఆరున్నర దాటవు."

రఫీలా లేచింది. కాని కుట్టు విప్పుతున్నంతసేపూ పక్కనే నిలబడి, కత్తెర మొన ఎటు పోతోందో గద్దలా చూస్తూనే ఉంది.

మొదటి పాయని తొడోసియా చన్నీళ్ళలో వేసింది. డ్రమ్ములో చెయ్యి పెట్టి, పిడికిలి తిప్పి చూసుకుంది. తిరిగింది. సబ్బు ఉన్నదే చాలని పొడి వేయలేదు. గాజు తలుపు వెనక జూలు పైకి లేస్తూ, కిందికి జారుతూ, తాపీగా దొర్లింది. రెండో పాయ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఉన్నిని వేడిగాలి మిషన్లో వేస్తే చిన్నపిల్ల గౌనంత అవుతుంది కాబట్టి, రెండిటినీ బాయిలర్ గొట్టాల మీద ఆరేసింది.

తర్వాత డబ్బా తీసి, చల్లారిన మొక్కజొన్న సంకటి, గొర్రెపాల జున్ను తినడానికి కూర్చుంది. తిను అనలేదు. సగం తిని, డబ్బా బెంచీ మీద అటువైపు తోసింది.

"ఉప్పు లేదు," అంది రఫీలా తింటూ.

"ఏడవలేకపోయావా, అదే వస్తుంది."

ఒనీగా ఒకసారి దిగొచ్చి, గొట్టాల మీద రగ్గు చూసి చిందులు తొక్కాడు. బాయిలర్ తగలబడితే ఎవరు ఇస్తారని, ఇవాళ మంగళవారం, ఉన్ని ముట్టుకోవడమేమిటని అరిచాడు. తొడోసియా అతని వంక చూసి పళ్ళు బయటపెట్టింది. అతను వచ్చిన దారినే పోయాడు.

మధ్య మధ్య రఫీలా ఫోన్ తీసి మరీనాకి చేసేది. ఉన్నాడు, అడుగుతున్నాడు అనేది మరీనా. అది విని తొడోసియా లేచి వెళ్ళి రగ్గు అడుగున చెయ్యి పెట్టి, పిండి, తిట్టేది. ఎవర్ని తిట్టేదో తెలీదు. కాసేపు ఉన్నిని, కాసేపు బాయిలర్‌ని, కాసేపు తమ్ముణ్ణి. ఒకసారి మాత్రం అరిచేసింది: "ఆగమను వాణ్ణి! ఆరకుండా పట్టుకెళితే చలికే చస్తాడు, ఆగమని చెప్పు!" రఫీలా ఆ మాట ఫోన్లో ఉన్నదున్నట్టు చెప్పింది. "అక్క ఆగమంటోందని చెప్పు మరీనా. అవును, అక్కే. తొడోసియా."

సాయంత్రానికి ఒక పాయ ఆరింది. రెండోది అంచుల్లో ఇంకా తడి. ఇక ఆగడం తన వల్ల కాదని తొడోసియా స్టూలు వేసుకుని, గొట్టాల పక్కనే కూర్చుని, ఆరినదాని అంచు ఆరనిదాని అంచుకి చేర్చి కుట్టడం మొదలుపెట్టింది. ఆఖరి బస్సుకి ఇంకా టైముంది. కుట్టు ఒక జానెడు సాగింది.

ఫోన్ మోగింది. రఫీలా చెవికి పెట్టుకుంది. "ఊఁ" అంది, మళ్ళీ "ఊఁ" అంది. ఫోన్ జేబులో వేసుకుని, రుమాలు విప్పి, మళ్ళీ కట్టుకుంది.

"కుట్టకు వదినా," అంది. "శవపెట్టెలోకి సగం చాలు."

తొడోసియా చెయ్యి ఆగిపోయింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. కోపం వచ్చింది. దొంగవెధవ. ఆనాడూ ఇంతే, తను ఇంటికొచ్చేలోపు పోయాడు. ఒక్క గంట. గంటసేపు ఆగితే ఏం పోయింది వాడికి?

"చెప్పిందా మరీనా? నేను ఆగమన్నానని?"

"చెప్పింది."

"ఏమన్నాడు?"

"నవ్వాడట. అక్క ఎప్పుడూ ఇంతే, ఆగమంటుంది అన్నాడట."

తొడోసియా తలొంచుకుని, వేసిన జానెడు కుట్టూ చేత్తోనే తెంపింది. ఆరిన పాయని దులిపి, మడిచి, తన నల్ల రుమాలు విప్పి అందులో మూట కట్టింది. నెరిసిన జుట్టు భుజాల మీద పడింది. రఫీలా మూట అందుకోబోతే ఇవ్వలేదు, చంకన పెట్టుకుంది.

"నేను మోస్తా. పద."

"నువ్వా? మా గడప తొక్కనన్నావుగా."

"కాళ్ళు విరిగితే మీ ఇంట్లోనే పడుంటా, చాకిరీ చేద్దువుగాని."

రఫీలా మెట్ల దగ్గర ఆగింది. "ఆయనకి ఏడ్పుపాట ఎవరు పాడతారని పొద్దుట్నించీ నాకు అదే దిగులు," అంది. "అక్కే పాడాలి. నాకు గొంతు లేదు."

"ఏడవడానికి రావట్లేదు. వాడి మొహాన నాలుగు తిట్లు తిట్టాలి." తొడోసియా మూటని ఇంకో చంకకి మార్చుకుంది. "చాలా ఉన్నాయి. తెల్లారేదాకా సరిపోతాయి."

దీపం ఆర్పి, తలుపు లాగి, ఇద్దరూ బస్సు కోసం పైకెక్కారు. కింద, బాయిలర్ గొట్టం మీద, రెండో పాయ అంచు నుంచి ఒక్కొక్క చుక్కే నేల మీద పడుతోంది. తెగిన దారంతో సూది దానికే గుచ్చుకుని ఉండిపోయింది.