కుర్చీ అసిరయ్య

కుర్చీ ఎడమ చక్రం మళ్ళీ కిర్రుమంది. అసిరయ్య వంగి, నూనె గుడ్డతో ఇరుసు తుడిచి, అటూ ఇటూ తోసి చూశాడు. హిందీ ప్రాంతంలోని ఆ ఇనుప కార్ఖానా ఆసుపత్రి గుండెజబ్బుల వార్డులో ఆ చక్రాల కుర్చీని అతను తప్ప ఎవరూ ముట్టుకోరు. పొట్టి మనిషి. మెడ ఉందా లేదా అన్నట్టుంటుంది. చేతులు మాత్రం పొడుగు. కార్ఖానాలో ఇనుముతో కుస్తీపట్టే భారీ మనుషుల్ని పసిపిల్లల్లా ఎత్తి కుర్చీలో కూర్చోబెడతాడు, స్నానాలగదికి తోసుకెళ్తాడు, పొద్దుటెండలో వరండా అంతా తిప్పుతాడు. అతని వయసంతా ఈ పనిలోనే గడిచింది.

గుండె పట్టేసినవాడు కదలకూడదని ఇన్నాళ్ళూ డాక్టర్లే చెప్పేవారు. నిరుటి నుంచి ఆ మాట మారిపోయింది. నడవాలట, మెట్లెక్కాలట, అప్పుడే గుండె గట్టిపడుతుందట! నడిపించడానికి రమాదేవి అనే పిల్లని వేశారు. బరంపురం వైపు తెలుగువాళ్ళమ్మాయే, అయినా తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబిస్తుంది. తెల్లకోటు వేసుకుని ఆమె గుమ్మంలోకి రాగానే మంచాలన్నీ లేచి కూర్చుంటాయి. ఒకప్పుడు ఆ ముఖాలన్నీ తన కుర్చీ చప్పుడుకి వెలిగేవి. అది తలుచుకుంటే అసిరయ్యకి ఒళ్ళు మండిపోతుంది.

అందరి సంగతీ సరే, పోలరాజు మాటేమిటి? క్రేను నడిపే పోలరాజుది తమ టెక్కలి వైపే. ముఖం నల్లబడిపోయి వచ్చిన రోజు స్ట్రెచరు మీంచి ఎత్తుకుని మంచం మీద పడుకోబెట్టింది అసిరయ్యే. "నీ సేతుల్లో బతికేనన్నా" అని అప్పుడు ఏడ్చాడు. మొన్న అదే నోటితో, "ఆ పిల్ల మా తల్లన్నా, నాకు కాళ్ళిచ్చింది" అన్నాడు. కాళ్ళిచ్చిందట! మరి మోసిన చేతుల మాటేమిటి? ఆ కుళ్ళు అసిరయ్యని నిద్రపోనివ్వలేదు.

ఇవాళ పోలరాజు డాక్టరు ముందు మెట్లెక్కాలి. ఎక్కితే ఇంటికి, లేకపోతే మళ్ళీ సోమవారం దాకా వార్డులోనే. మెట్లకోసం అతని భార్య చిలకమ్మ నిన్ననే సాక్చి బజారులో తెల్ల కాన్వాసు బూట్లు కొని తెచ్చింది. పొద్దున పోలరాజు ముఖం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, అసిరయ్య ఆ బూట్లు తీసి కుర్చీ దిండు కింద తోసేశాడు. దొంగతనమేం కాదు, సాయంత్రం మంచం కింద పెట్టేస్తాననుకున్నాడు. ఇంకొక్క వారం ఆ మనిషి తన కుర్చీలో తిరిగితే చాలు.

రమాదేవి వచ్చింది. "చలియే చాచా! జూతే కహా హై?" అని బూట్లకోసం చుట్టూ చూసింది.

పోలరాజు మంచం కింద వెతికాడు, దుప్పటి దులిపాడు. "ఏటైపోనాయి? రేత్రి ఇక్కడే ఎట్టినాను కదా!"

"బినా జూతే సీఢీ నహీ, చాచా." ఆ రాతిమెట్ల మీద వట్టికాళ్ళతో ఎక్కి జారిపడితే ఎవరిది పూచీ? ఆమె తల అడ్డంగా ఊపింది.

పోలరాజు మంచం మీద చతికిలబడ్డాడు. "గేటుకాడ సిలకమ్మ సూత్తా కూకుందన్నా" అన్నాడు.

అసిరయ్య కోరుకున్నది ఇదే. సంతోషంగా కుర్చీ ముందుకి తోశాడు. "పోన్లే తమ్ముడూ, కూకో. ఎండలో తిప్పి తెత్తాను." అనేశాక, దిండు కింద ఏముందో గుర్తొచ్చింది.

పోలరాజు ముఖం తిప్పుకున్నాడు. "వద్దన్నా. దాన్ని సూత్తేనే బయమేత్తంది. ఇంకోపాలి ఎక్కితే మరి దిగనేమోననిపిత్తంది." అంతలో అతని చూపు అసిరయ్య కాళ్ళ మీద పడింది. "నీ బూట్లియ్యన్నా!"

దిండెత్తి చూపిస్తే దొంగవుతాడు. తన బూట్లివ్వనంటే ఏం సాకు చెప్పాలి? అసిరయ్య ఖాకీ డ్యూటీ బూట్లు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, తనే పోలరాజు కాళ్ళకి తొడిగి లేసులు కట్టాడు.

డాక్టరు కింద నిలబడ్డాడు. పోలరాజు మెట్లెక్కడం మొదలెట్టాడు. రమాదేవి చేతులు వెనక్కి కట్టుకుని పక్కన ఎక్కుతోంది, పట్టుకోలేదు. పోలరాజు కాలు జారితే బాగుండునని అసిరయ్య మనసులో నిజంగానే అనుకున్నాడు. మలుపు దగ్గర పోలరాజు ఆయాసంతో ఆగిపోయేసరికి కిందనున్న అసిరయ్య చేతులు వాటంతటవే చాచుకున్నాయి. పోలరాజు వాటిని చూడనేలేదు. ఊపిరి పీల్చుకుని పైకి ఎక్కేశాడు.

ఇంటికి వెళ్ళే మనిషిని కుర్చీలో గేటుదాకా తోసుకెళ్ళడం, అక్కడ ఇంటి ఆడవాళ్ళు అతనికీ వెనక నిలబడ్డ అసిరయ్యకీ కలిపి దిష్టి తీయడం ఇక్కడి తెలుగువాళ్ళలో ఆనవాయితీగా వస్తోంది. ఇవాళ పోలరాజు నడిచి వెళ్ళాడు. అసిరయ్య వట్టికాళ్ళతో ఖాళీ కుర్చీ తోసుకుంటూ వెనక నడిచాడు.

"రండి బావగారూ, మీరూ ఆరి పక్కన నిలబడండి" అంది చిలకమ్మ. పిడికిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని ఇద్దరి చుట్టూ తిప్పింది. "ఏ పాపిష్టి కన్నో! కొత్త బూట్లు కూడా ఉంచింది కాదు. ఓర్వనోళ్ళ కళ్ళు పేలిపోనూ! ఉమ్మండి బావగారూ."

అసిరయ్య నోట్లో తడి లేదు. ఉమ్మినట్టు తల వంచాడు.

ఆమె వాటిని గేటు పక్క టీకొట్టు పొయ్యిలో వేసింది. మిరపకాయలు కాలిపోయాయి గాని ఘాటు రాలేదు, ఒక్కరికీ దగ్గు రాలేదు. "సూసేరా! ఎంత దిష్టో!" అని చిలకమ్మ కళ్ళు తుడుచుకుంది. "మా ఆయన మీదే కాదు, మీ మీదా పడ్డాది బావగారూ. ఇక మీకే బయం లేదు."

"బూట్లు రేపంపుతానన్నా" అన్నాడు పోలరాజు. ఇల్లున్న పర్సుడీహ్ వెళ్ళే బస్సుకోసం రోడ్డు దాటాడు. వెనక్కి తిరిగి చూడలేదు. కొత్తగా నడక నేర్చినవాడి చూపంతా కాళ్ళ మీదే ఉంది.

అసిరయ్య ఖాళీ వరండాలోకి కుర్చీ తోసుకొచ్చి గోడవార ఆపాడు. చాలాసేపు పిడిని వదల్లేదు. తర్వాత దిండెత్తాడు. తెల్ల బూట్లు, సాక్చి కొట్లో కట్టిన దారంతో ఒకదానికొకటి ముడిపడి, మట్టి అంటకుండా అలాగే ఉన్నాయి.