ఆఖరి దెబ్బకు నీలిమందు

నేను ఒక కత్తిని. బెదిరిపోకండి, నాతో వంకాయ కూడా తెగదు. పదును లేదు, మొన దగ్గర రబ్బరు తొడుగు. ఫెన్సింగ్ అనే కత్తుల ఆట ఆడేవాళ్ళు నన్ను ఫాయిల్ అంటారు. సన్నని ఉక్కు ఊచ, ఆడేవాళ్ళ చేతికి అడ్డంగా ఒక రేకు గిన్నె, దాని వెనక తోలు చుట్టిన పిడి, అంతే నేను. ఒక్క గుణం మాత్రం పుట్టుకతో వచ్చింది. నాకు కుదురు లేదు. గోడకు ఆనించినా సరే, వీధిలో లారీ పోతే చాలు, వణకడం మొదలుపెడతాను.

జలంధర్‌లో ఒక చిన్న కొలిమిలో పుట్టాను. వాల్తేరులో ముంజేటి విశ్వనాథం అనే రైల్వే గార్డు నన్ను కొనుక్కున్నాడు. పదేళ్ళు బాగానే ఆడాం. ఆ తరవాత ఆటలోకి కరెంటు వచ్చిపడింది. కత్తికి వైరు, చొక్కాకు వైరు, దీపం వెలిగితేనే దెబ్బట! కళ్ళెదుట పొడిచినా దీపం వెలగకపోతే పొడవనట్టే. మీ మనుషుల సంగతి చెప్పాలంటే ఇదొక్కటి చాలు. ఒకరి మాట ఒకరు నమ్మలేక, సాక్ష్యం చెప్పే పని బల్బుకు అప్పజెప్పారు. నాలో వైరు లేదు కనక విశ్వనాథం నన్ను దోమతెర కర్రను చేశాడు. పన్నెండేళ్ళండీ! దోమలు నా చుట్టూ తిరుగుతుంటే ఒక్కదాన్నీ పొడవలేక ఎంత ఉడుక్కున్నానో నాకే తెలుసు. ఆయన ఇల్లు మారినప్పుడు పాత సామాన్ల బండి ఎక్కి, తిరిగి తిరిగి విజయనగరంలో ఒక పాత ఇనుము కొట్టుకు చేరాను.

అక్కడ నన్ను చూసినవారు సన్యాసిరాజు మేస్టారు. డ్రిల్లు మేస్టారుగా చేసి రిటైరయిన మనిషి. నన్ను తీసి గాలిలో ఒక్కసారి ఝళిపించారు. "ఓలమ్మ! నువ్విక్కడున్నావేటే!" అన్నారు. రెండు చిల్లు బకెట్లు కొట్టువాడికిచ్చి నన్ను సైకిలుకు కట్టుకుపోయారు.

మేస్టారు ఒక లీగు నడుపుతారు. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, చీపురుపల్లి, నాలుగే జట్లు. ఆదివారం పొద్దున జనపనార మిల్లు కార్మికుల పాత హాల్లో ఆట. దర్జీలు, కాంపౌండర్లు, గుమస్తాలు ఆడతారు. వైర్లు లేవు, దీపాల్లేవు. నలుగురు సాక్షులు చుట్టూ నిలబడి, దెబ్బ తగలడం చూస్తే చెయ్యెత్తుతారు. అయితే వాళ్ళకన్నా పెద్ద మాట ఒకటుంది. దెబ్బ తిన్న మనిషే "తగిలింది" అంటే సాక్షుల చేతులు దిగిపోతాయి, మేస్టారు కూడా నోరెత్తరు. ఐదు దెబ్బల ఆట. నాలుగూ నాలుగూ అయితే ఆఖరి దెబ్బ దగ్గర తగవులొస్తున్నాయని, ఆ ఒక్కదానికీ కత్తిమొనకు దూది కట్టి నీలిమందులో ముంచుతారు. తెల్లబట్టలకు పెట్టే నీలిమందే. మేస్టారి భార్య ఇంట్లో బట్టలకు లేకుండా చేశారని ఇప్పటికీ తిడుతుంది.

సాక్షిగా నిలబడటానికి మాత్రం ఎవరూ ముందుకు రారు. అందుకని మేస్టారు ఒక నియమం పెట్టారు. ఏడాదిలో ఒక్క ఆటా గెలవనివాళ్ళు మరుసటి ఏడాదంతా కత్తి దించి సాక్షిగా నిలబడాలి.

నన్ను పుణ్యవతి చేతికిచ్చారు. ఆర్టీసీలో కండక్టరు. కిక్కిరిసిన బస్సులో ఏ కడ్డీ పట్టుకోకుండా నిలబడే మనిషికి కాళ్ళ నిలకడ వేరే నేర్పాలా? వారమంతా "జరగండి, ముందుకు జరగండి" అని గొంతు చించుకుంటుంది, ఎవడూ జరగడు. ఇక్కడ మాత్రం నన్ను ముందుకు చాస్తే ఎదుటివాడు తనంతట తనే వెనక్కి జరుగుతాడు. మొదటిసారి అలా జరిగినప్పుడు మొహం మీది జాలీ ముసుగులో పకపకా నవ్వింది. ఈ సుఖం కోసం ఆదివారం డ్యూటీలు మార్చుకోడానికి డిపోలో ఎంతమందిని బతిమాలిందో!

కానీ మొదటి ఆటలోనే దెబ్బతింది. నాలుగూ నాలుగూ మీద ఎదుటివాడి మొన ఆవిడ పక్కటెముకల మీద అలా రాసుకుపోయింది. దళసరి చొక్కా, తెలియలేదు. ఊరుకుంది. తీరా చూస్తే తెల్లచొక్కా మీద నీలి గీత. "కండక్టరమ్మ టిక్కెట్టు కొట్టడం మర్సిపోనాదిరో!" అని హాల్లో ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. ముసుగు తియ్యకుండానే బయటికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి పట్టుకుంది జబ్బు. ఎదుటి కత్తి కదిలితే చాలు, "తగిలింది!" బెత్తెడు దూరంలో పోయినా "తగిలింది!" దెబ్బ తిన్న మనిషే ఒప్పుకున్నాక చొక్కా ఎవరు చూస్తారు? నేను చూశానండీ! ఆ ఏడాది ఆవిడ ఓడిన ఆటల్లో సగం దెబ్బలు గాలికి తగిలినవే. చెబుదామంటే నాకు నోరేదీ? పిడి నుంచి మొన దాకా వణికాను, "ఈ కత్తికి ఇదొకటి" అనుకుంది.

ఏడాది చివరి ఆట వచ్చింది. అప్పటికి ఒక్కటీ గెలవలేదు. ఇదీ పోతే ఆవిడ సాక్షి, నేను పెట్టెలో. ఎదుట బొబ్బిలి కళ్ళజోళ్ళ కొట్టు సర్వేశ్వరరావు. ఏ దేవుడి దయో, నాలుగూ నాలుగూ దాకా లాక్కొచ్చాం. నీలిమందు ముంచారు. అతను దూకాడు. ఆవిడ చెయ్యి పైకి లేచింది, అతని దూదిమొన వచ్చి నా గిన్నెకు తప్పున కొట్టుకుంది.

"తగిలింది!" అంది పుణ్యవతి.

అయిపోయింది. సాక్షుల చేతులు దిగాయి. నా ఒళ్ళు మండిపోయింది. అప్పుడు సర్వేశ్వరరావు ముసుగు తీసి, కళ్ళజోడు సర్దుకుని, నా దగ్గరికి వంగాడు.

"ఆగండి మేస్టారూ. నా పోటు ఈ గిన్నెకి తగిలిందండి. ఇదిగో నీలిమందు. ఆవిడ సొక్కా సూడండి, మల్లెపూవులాగుంది."

మేస్టారు చూశారు. కాని నియమం రాసింది ఆయనే. "మాట నీదమ్మా పుణ్యవతీ. వెనక్కి తీసుకోవాలన్నా నువ్వే తీసుకోవాలి. నానేటీ అనకూడదు."

"అప్పుడు సెప్పకపోతే నవ్వారు," అంది మెల్లగా. "ఇప్పుడు కాదంటే, గెలుపు కోసం మాట మార్సిందంటారు."

"అననీ," అన్నాడు సర్వేశ్వరరావు. "ముందు నిజమేటో సెప్పండి."

నేను ఆగలేకపోతున్నాను. ఆవిడ నా గిన్నె మీది మచ్చను చూసింది, చొక్కాను చూసుకుంది.

"తగల్లేదు," అంది. ఎవరూ నవ్వలేదు. ఇంకోసారి గట్టిగా, బస్టాండంతా వినిపించేలా, "తగల్లేదండీ!" అంది.

మళ్ళీ నిలబడ్డాం. ఆ ఏడాది మొత్తంలో ఆవిడ అంత బాగా ఆడటం నేనెరగను. నాలుగుసార్లు అతన్ని గోడ దాకా తరిమింది. అయిదోసారి అతను నా కింద నుంచి దూరి సరిగ్గా గుండె మీద పొడిచాడు. సాక్షులింకా చేతులెత్తనే లేదు.

"తగిలింది!" అంది పుణ్యవతి. "రైట్ రైట్" అన్నంత హుషారుగా అంది. ముసుగు తీస్తే కళ్ళలో నీళ్ళు, మొహమంతా నవ్వు.

ఓడిపోయాం. నియమం నియమమే. ఈ ఏడాది ఆవిడ సాక్షి. కొత్తగా చేరిన కాంపౌండరొకడు కత్తి కదలకముందే "తగిలింది" అంటే, "బాబూ, ఆలోసించి సెప్పండి. నాను సూసాను, తగల్లేదు" అంటోంది. అది పెట్టెలోంచి విని నేను గలగలలాడతాను. నా పక్క కత్తులు విసుక్కుంటాయి. విసుక్కోనీ, వచ్చే ఏడాది దాకా ఎలా పడుకోను?

ఆదివారం ఆట అయ్యాక ఆవిడే పెట్టె తెరిచి, కుట్టుమిషను నూనె రాసి అన్ని కత్తులూ తుడుస్తుంది. నన్ను మొన నుంచి పిడి దాకా తుడుస్తుంది. గిన్నె మీద నీలిమందు మచ్చ దగ్గరికి వచ్చేసరికి గుడ్డ పక్కకు తిప్పి, దాన్ని అలాగే ఉంచుతుంది.